రెండు లాట్ల ఎరుపు

జనవరి 29

బ్రాడీపేట. డాక్టరమ్మ గారి క్లినిక్కులో రెండున్నర గంటలు. అత్తయ్య మూత్రంలో ప్రొటీన్ పోతోంది, పోయినసారి కంటే ఎక్కువగా. షుగరు ఒక కారణం. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో అడిగి ఏళ్ళ తరబడి మింగిన బిళ్ళలు ఇంకో కారణం. అవి ఇక ముట్టుకోకూడదు. బీపీ బిళ్ళ మార్చారు. కొత్తగా ఒకటి చేర్చారు — స్టాటిన్, కొలెస్ట్రాల్‌ది. ఆరు వారాలాగి మళ్ళీ పరీక్ష.

తిరిగొస్తూ ఆటోలో అత్తయ్య —

"నా ఒంట్లో కొవ్వెక్కడుందమ్మాయ్? ఉన్నవి నాలుగెముకలు. ఆ బిళ్ళ నేను వేసుకోను."

నవ్వాలో ఏడవాలో... పెళ్ళయిన రెండో ఏడు నుంచీ పీహెచ్‌డీ పేరుతో నేను పట్టుకు వేలాడుతున్నది ఆ మందునే. లోకంలో ఇన్ని మందులుండగా మా ఇంటికి రాసిచ్చిందీ అదే, మా అత్తయ్య వద్దంటున్నదీ అదే.

జనవరి 30

కాలేజీ నుంచి వచ్చాక కూర్చోబెట్టి చెప్పాను. కిడ్నీ అంటే జల్లెడ. షుగరు ఎక్కువైతే ఆ జల్లెడను పట్టి ఉంచే కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. పెరిగి, చుట్టూ నారలాంటిది పోసుకుంటాయి. అది గట్టిపడి మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట ఇక వడపోత ఉండదు. ఈ బిళ్ళ ఒంట్లో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిని మొదట్లోనే మూసేస్తుంది. ఆ కణాలు పెరగడానికి కావలసిన సరుకు కూడా ఆ దారిలోనే తయారవుతుంది. సరుకు అందకపోతే పెరుగుదల మందగిస్తుంది. నా ల్యాబులో చూశాను — డిష్షులో మందు పోస్తే కణాలు ఆగాయి. అందకుండా పోయిన సరుకును బయటి నుంచి తెచ్చి పోస్తే మళ్ళీ పెరిగాయి. జబ్బు చేసిన ఎలకలకు ఈ మందు వేస్తే కిడ్నీలో మచ్చ కూడా తగ్గింది.

అంతా విని ఒకటే అడిగింది.

"నువ్వు కళ్ళతో చూశావా?"

"చూశానత్తయ్యా."

"అయితే తే."

గ్లాసుడు నీళ్ళతో మింగేసింది. నా మాట మీద అంత గురి ఎప్పటి నుంచో నాకే తెలియదు.

ఒక్కటి చెప్పలేదు. డాక్టరమ్మ గారు ఆ బిళ్ళ రాస్తూ "షుగరుంది కాబట్టి గుండె కోసం" అన్నారు. కిడ్నీ కోసం అనలేదు. కిడ్నీ పేరు చెబితే గానీ వేసుకోదని నేనే ఆ మాట మింగేశాను.

జనవరి 31

శనివారం. మా ఆయన మార్టూరు నుంచి వచ్చారు. తల నిండా రాతిపొడి. పాలిషింగ్ యూనిట్లో ఆరు రోజులు పని చేస్తే మనిషి సగం గ్రానైట్ అవుతాడు. వాళ్ళమ్మ బిళ్ళల డబ్బా తీసి చూశారు, రెండు గళ్ళు ఖాళీ.

"మా అమ్మ చేత మాత్ర మింగించావంటే నీకు డాక్టరేట్ ఇచ్చేయొచ్చు."

రాత్రి అన్నం ఆయనే వండారు. ముద్దయింది. అయినా ఇంకొకరు వండిన అన్నం తినడంలో ఉన్న సుఖమే వేరు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఫిబ్రవరి 4

గైడ్ మూర్తి సార్ చెప్పిందే మళ్ళీ చెప్పారు. ఎలకల కిడ్నీల ఫొటోల్లో మచ్చ ఎంతుందో నేనొక్కదాన్నే కొలిస్తే చాలదు. ఏది ఏ గుంపుదో తెలియని మనిషి ఇంకొకరు కూడా చూడాలి. చూస్తానన్న పాథాలజీ మేడం కూతురి పురిటికని సెలవులో వెళ్ళారు. ఫిబ్రవరి 27న నా సెమినార్. అది గట్టెక్కితే థీసిస్ ఇచ్చేయొచ్చు. ఇరవై మూడు రోజుల్లో ఎవరు దొరుకుతారు?

"ఎవరో ఒకరు దొరుకుతారులేమ్మా" అన్నారు సార్. ఆయన ధైర్యం ఆయనది.

ఫిబ్రవరి 5

మిర్చి యార్డుకు కాయ దిగుతోంది. గాలి ఇటు తిరిగితే వీధంతా తుమ్ములే. అత్తయ్య ఒక్కతే తుమ్మదు.

ఫిబ్రవరి 7

ఇవాళ జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

థీసిస్‌లో పెట్టే ఫొటోలు ఎంచుకుందామని స్లైడ్ల ఫొటోలన్నీ ప్రింట్లు వేయించాను. ఒకే స్టూడియోలో, ఒకే పూట. మందు వెయ్యని జబ్బు ఎలకలవి, మందు వేసిన జబ్బు ఎలకలవి. వెనక నంబరు తప్ప ఏమీ రాయలేదు. మచ్చ ఉన్నచోట ఎరుపు పట్టేలా రంగు వేసిన స్లైడ్లు అవి. మిగిలిన కండ అంతా పసుపు. హాల్లో చాప మీద పరిచి, పొయ్యి మీద పాలు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అత్తయ్య చాప ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. చేతిలో ప్రింట్లు పేకముక్కల్లా కదులుతున్నాయి. ముప్పై ఏళ్ళు యార్డులో కూర్చుని తాలుకాయ ఏరిన చేతులు — ఎర్ర కాయ ఒక పక్క, రంగు పోయిన తాలు ఒక పక్క. కళ్ళు చూస్తాయో వేళ్ళే చూస్తాయో తెలియదు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"ఊరికే. రెండు లాట్లు కలిసిపోయి ఉంటే చూడలేక..."

రెండు దొంతర్లు. ఒక్కో ప్రింటూ వెనక్కి తిప్పి నంబరు చూశాను. మొదటి దొంతర మొత్తం మందు వెయ్యనివి. రెండో దొంతర మొత్తం మందు వేసినవి. ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు!

అక్షరం ముక్క రాని మనిషికి కూడా తేడా అంత స్పష్టంగా కనిపించింది. నేను మనసుపడి తేడాను ఎక్కువగా కొలిచానేమోనని లోపల ఒక పీకుడు ఉండేది. ఇవాళ్టితో అది పోయింది. అత్తయ్యను గట్టిగా పట్టుకున్నాను.

"పాలు పొంగుతున్నయ్యి, పో."

నిజంగానే పొంగిపోయాయి.

ఫిబ్రవరి 8

పొయ్యి తుడుస్తూ కూడా నవ్వుకుంటున్నాను. రెండో జత కళ్ళు నా ఇంట్లోనే ఉన్నాయి, నేనేమో ఊరంతా వెతుకుతున్నాను.

ఫిబ్రవరి 9

సార్‌కు చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

"బాగుందమ్మా వాసంతీ. అయితే పద్ధతిగా చేయించు. జబ్బు లేని ఎలకలవి కూడా కలిపి ఇవ్వు. వాటిని ఆవిడ వేరుగా తీసి పెడితే నేను నమ్ముతాను."

అదెంత పని అనుకుంటూ వచ్చాను. జబ్బు లేని కిడ్నీలో ఎరుపు ఉండదు. చిన్నపిల్లలు కూడా విడదీస్తారు.

ఫిబ్రవరి 11

మూడు గుంపులూ పేకలా కలిపి చేతికిచ్చాను. పక్కన కూర్చున్నాను.

రెండే దొంతర్లు పెట్టింది. జబ్బు లేనివి తీసుకెళ్ళి మందు వెయ్యని జబ్బు వాటి మీద పెట్టింది.

"అత్తయ్యా, సరిగ్గా చూడండి. వీటిలో ఎరుపే లేదు కదా. ఎక్కడో ఒక గీత, అంతే."

"ఉన్న ఆ ఒక్క గీతా ఈ ఎరుపే. ఎరుపు ఎంతుందని కాదమ్మాయ్, ఏ ఎరుపో చూడాలి. వెనకాల పసుపు కూడా చూడు. ఇవన్నీ నిండు పసుపు. అవన్నీ పాలిపోయినయ్యి. ఇవి ఒక కల్లంలో ఎండినయ్యి, అవి ఇంకో కల్లంలో ఎండినయ్యి. ఇంత తేడా కనపడట్లేదా నీకు?"

అప్పటిదాకా కనపడలేదు. ఆవిడ చెప్పాక ఇంకేమీ కనపడటం లేదు.

మొన్న కూడా ఆవిడ మచ్చ చూసి విడదీయలేదు. రంగు చూసి విడదీసింది. మందు వేసిన వాటి మీద వేసిన రంగే పాలిపోయి ఉంటే, మచ్చ తగ్గకపోయినా తగ్గినట్టే కనిపిస్తుంది. కొలిచినా తగ్గినట్టే వస్తుంది.

అన్నం సయించలేదు. ఆవిడ మాత్రం భోజనం చేసి బిళ్ళ వేసుకుంది. నా ఎదురుగానే.

ఫిబ్రవరి 12

ల్యాబు నోటుబుక్కు తీశాను. నా చేతిరాతే.

మొదటి రోజు — జబ్బు లేనివి, మందు వెయ్యని జబ్బువి. కొత్త సీసా రంగు. రెండు రోజుల తర్వాత — మందు వేసినవి. సీసాలో అడుగున మిగిలిన రంగు. మధ్యలో కరెంటు పోయింది, కడిగే నీళ్ళలో స్లైడ్లు ఎక్కువసేపు ఉండిపోయాయి. దాని కింద గీత గీసి మరీ రాసుకున్నాను: "గుంపులు కలవకుండా జాగ్రత్త తీసుకోవడమైనది."

కలపాలి! ఒక్కో ట్రేలో మూడు గుంపుల స్లైడ్లూ కలిపి పెట్టాలి. అప్పుడు రంగు చెడితే అందరికీ సమానంగా చెడుతుంది. ఇది నేను పిల్లలకు చెప్పే పాఠమే. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను.

మరి నా చేతులు ఎందుకలా చేశాయి? నాకు తెలుసు. వినుకొండ అవతల మా కల్లం. మొదటి కోత కాయ ఒక పట్టా మీద, రెండో కోత ఇంకో పట్టా మీద. పదేళ్ళప్పుడు ఊడుస్తూ ఒక చారెడు కాయ అటుది ఇటు కలిపానని నాన్న వీపు మీద ఒక్కటిచ్చాడు. కోతలు కలపకూడదు — నిప్పు ముట్టుకోకూడదన్నంత సహజంగా ఆ మాట నాలో దిగిపోయింది. శుభ్రంగా పని చేస్తున్నానని మురిసిపోతూ తప్పు చేశాను.

ఫిబ్రవరి 13

సార్ ఎదురుపడ్డారు. చెప్పలేదు.

ఫిబ్రవరి 14

మా ఆయనకు చెప్పాను. అంతా విన్నారు. అర్థమైనంత అర్థమైంది.

"ఇంకెవరికైనా తెలుసా?"

దాచమని అడగలేదు, ఊరికే అడిగారు. అయినా ఆ ప్రశ్న నా లోపల రెండు రోజులుగా తిరుగుతున్నదే.

"మీ అమ్మకు తెలుసు" అన్నాను.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. కాసేపయ్యాక టీ పెట్టుకొచ్చారు.

సెమినార్‌లో ఈ సంగతి పట్టుకునే వాళ్ళు ఎవరూ లేరు. నిజమే. కానీ ఈ ఇంట్లో ఒక మనిషి నేను చూశానన్న మాట మీద రోజూ ఒక బిళ్ళ మింగుతోంది. పేపరు తప్పయితే కాగితం చించేయొచ్చు. అత్తయ్యకు చెప్పిన మాట ఎక్కడ చించను?

ఫిబ్రవరి 16

చెప్పేశాను. సార్ గది తలుపు దగ్గరగా వేసి, నిలబడే చెప్పాను. నోటుబుక్కు ముందు పెట్టాను.

సార్ చాలాసేపు ఆ పేజీ చూశారు. ప్రింట్లు వేసే మెషీన్ తేడా ఏమోనని స్లైడ్లు తెప్పించి మైక్రోస్కోపులో కూడా చూశారు. తల పైకెత్తి —

"నేను సంతకం పెట్టాను ఈ పేజీ మీద. నాకూ కనపడలేదు."

ఆ ఒక్క మాటకు ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాను. తిట్టొచ్చు. తప్పంతా నాదే అనొచ్చు. అనలేదు.

తర్వాత అడిగారు. "మైనం దిమ్మలు ఉన్నాయా?"

ఉన్నాయి. ఎలకల కిడ్నీలు మైనంలో బిగించి పెట్టిన దిమ్మలు, అన్నీ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. మళ్ళీ పలచగా కోసి, మళ్ళీ రంగు వేయొచ్చు. కొత్తగా ఒక్క ఎలకను కూడా చంపక్కర్లేదు. ఆ మాట అనుకోగానే ఏడుపొచ్చేసింది. ఆ ప్రాణాలకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

సెమినార్ వాయిదాకు సార్ తనే ఉత్తరం రాశారు. నేను బయటికొస్తుంటే —

"ఇంతకీ మీ అత్తగారు ఏ డిపార్టుమెంటమ్మా?"

"మిర్చి యార్డండీ."

ఫిబ్రవరి 18

నాన్నకు ఫోన్. మూడో కోత నడుస్తోందట, కూలీలు దొరకటం లేదట. నా కథ చెప్పాను. ముందు అర్థం కాలేదు, అయ్యాక పెద్దగా నవ్వాడు.

"కోతలు కలపొద్దంది కాయ గురించి కదా తల్లీ! కిడ్నీలు కోయమని నేను ఎప్పుడన్నా చెప్పానా?"

నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆయనకు. నాకూ నవ్వొచ్చింది. వారం తర్వాత మొదటిసారి.

ఫిబ్రవరి 24

కోత. రోజంతా బ్లేడు ముందు. మైనం రిబ్బన్లా సాగితే పండగ, ముక్కలైతే మళ్ళీ మొదలు. నడుం పట్టేసింది. ఇంటికొచ్చేసరికి అత్తయ్య వేడి నీళ్ళు పెట్టి ఉంచింది. ఏం అడగలేదు. పొద్దుణ్ణుంచి వంగి కూర్చునే పని ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. ముప్పై ఏళ్ళు అలాగే కూర్చుని మోకాళ్ళు పోగొట్టుకుంది. ఆ మోకాళ్ళ కోసం బిళ్ళలు మింగి కిడ్నీ దాకా తెచ్చుకుంది.

ఫిబ్రవరి 27

ఇవాళ నా సెమినార్ కావలసిన రోజు. కొత్త చీర బీరువాలోనే ఉంది.

బాధ లేదని రాస్తే అబద్ధం. చాలా లేదు.

మార్చి 3

రంగు. అన్ని గుంపులూ కలిపి, ఒకే పూట, ఒకే సీసా, ఒకే నీళ్ళు. ఏ స్లైడు ఏ గుంపుదో నాకూ తెలియకుండా సార్ కొత్త నంబర్లు అంటించి, అసలు జాబితా కవర్లో పెట్టి తన బీరువాలో తాళం వేసుకున్నారు. కరెంటు పోలేదు. కరెంటు ఆఫీసు వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

మార్చి 5

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య —

"ఈ బిళ్ళ వేసుకుంటున్న దగ్గర్నుంచీ మచ్చ తగ్గుతూ ఉంటుందా లోపల?"

పప్పు వడ్డించాను. కూర వడ్డించాను. జవాబు వడ్డించలేదు.

మార్చి 8

కొత్త ప్రింట్లు. చాప మీద పరిచి, ఏమీ చెప్పకుండా పిలిచాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కటీ పట్టి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది.

"ఎన్ని లాట్లత్తయ్యా?"

"ఒకటే. అంతా ఒక్క కల్లమే."

"గట్టిగా చెప్పండి."

"ఏంటమ్మాయ్ నీ గోల! యార్డులో పెద్ద పెద్ద కొట్లవాళ్ళు నన్నిన్ని సార్లు అడిగేవాళ్ళు కాదు. లాటు కలిసిందో లేదో తేడా వస్తే నన్ను పిలిచేవాళ్ళు. నేను చెప్పానంటే ఇంక బేరమే."

మొహంలో ఒక వెలుగు. పని మానేసిన తర్వాత ఆ మొహం నేను చూడలేదు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ ఆవిడ్ని వంట అడిగాను, బట్టలు అడిగాను, ఒంట్లో ఎలా ఉందని అడిగాను. ఆవిడకు వచ్చిన విద్య గురించి ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది.

మార్చి 11

మూడు రోజులుగా ఇద్దరం ఇదే పని. నేను కంప్యూటర్లో ఎరుపు కొలుస్తున్నాను. ఆవిడ ఎరుపు తక్కువ నుంచి ఎక్కువకు అయిదు దొంతర్లు పెడుతోంది. ఒకరివి ఒకరం చూసుకోకూడదని షరతు. నాకంటే ఆవిడే కచ్చితంగా పాటిస్తోంది. నేను అటు వెళితే ప్రింట్ల మీద కొంగు కప్పేస్తుంది.

మార్చి 14

సార్ కవరు తెరిచారు. మా ఇద్దరి కొలతలూ పక్కపక్కన పెట్టి చూశాం. ఇద్దరివీ దాదాపు ఒకలాగే ఉన్నాయి. అందులో దిగులు లేదు.

మందు వేసిన వాటిలో మచ్చ తగ్గింది. ఉంది తేడా! కానీ మునుపు నేను చూసినంత లేదు, దాని దరిదాపుల్లో కూడా లేదు. మందు వేసినా కొన్ని ఎలకల్లో ఎరుపు అంతే ఉంది, వెయ్యని వాటిలాగే. డిష్షుల్లో కణాల సంగతి నిలబడుతుంది — అక్కడ మందు పోస్తే ఆగుతాయి, సందేహం లేదు. డిష్షు వేరు, ప్రాణమున్న ఒళ్ళు వేరు.

"ఎంతుందో అంతే రాయి" అన్నారు సార్. "పాత ఫొటోలు తీసేయి. ఎందుకు తీసేశామో కూడా రాయి."

ఆ పేరాలో అత్తయ్య పేరు పెట్టొచ్చా అని అడిగాను. కృతజ్ఞతల పేజీలో కాదు, చేసిన పని రాసే చోట. ఆలోచించి సరేనన్నారు.

బస్సులో నిలబడే వచ్చాను. దిగులూ ఉంది, తేలికగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఇవాళే తెలిసింది.

మార్చి 15

ఆదివారం. మా ఆయన ఇంట్లోనే ఉన్నారు, కావాలనే బయటికి పంపాను. అత్తయ్య పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"కవరు తెరిచారా?"

"తెరిచారత్తయ్యా."

"తగ్గిందా మరి?"

చెప్పాను. కొన్నిటికి తగ్గింది, కొన్నిటికి తగ్గలేదు. అన్నీ కలిపి చూస్తే కొద్దిగా తగ్గినట్టుంది. ఎలకల సంగతే ఇంత. మనుషుల్లో ఏం చేస్తుందో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రోజు కళ్ళతో చూశానన్నాను, నేను చూసింది రంగు తేడా. ఇంకోటి కూడా చెప్పాను — డాక్టరమ్మ గారు ఆ బిళ్ళ రాసింది గుండె కోసం, అది గట్టి మాట, ఆ బిళ్ళ మానకూడదు. మీరు వేసుకోరేమోనని నేనే దాచాను.

రెండు మూడు కాయలు తుంచింది.

"గుండెకని చెబితే వేసుకోననుకున్నావా?"

"అనుకున్నానత్తయ్యా."

"వేసుకునేదాన్ని కాదులే."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక కూడా ఆవిడ నన్నే చూస్తోంది.

"మందేసినా కొన్నిటికి తగ్గలేదన్నావు కదా. మరి నేను ఏ ఎలకనమ్మాయ్?"

అయిదేళ్ళు చదివాను, ఆరు అలమారాల పుస్తకాలు తిరగేశాను. ఈ ప్రశ్న ఎక్కడా చదవలేదు. వేళాకోళంగా అడగలేదు ఆవిడ, ఏడుస్తూనూ అడగలేదు. తెలుసుకుందామని అడిగింది.

"తెలియదత్తయ్యా."

నా కళ్ళు నిండిపోయాయి. ఆవిడ గోరుచిక్కుళ్ళ చేట నా వైపు జరిపింది.

"సరే, ఊరికే కూర్చోక నువ్వూ నాలుగు తుంచు."

తుంచాను. ఈ మనిషి నా పక్కన ఉన్నందుకు ఏ దేవుడికి దండం పెట్టాలో ఆ దేవుడికి పెట్టుకున్నాను. రాత్రి నేను గుర్తు చేయకుండానే బిళ్ళ వేసుకుంది.

మార్చి 17

పొద్దున్నే బ్రాడీపేట ల్యాబులో పరీక్షకు అత్తయ్య మూత్రం సీసా ఇచ్చి వచ్చాం. రిపోర్టు సాయంత్రం ఆరింటికి.

దారిలో ముందే చెప్పి ఉంచాను. ప్రొటీన్ తగ్గినా ఏ బిళ్ళ వల్ల తగ్గిందో చెప్పలేం. నొప్పుల బిళ్ళలు మానేశారు, బీపీ బిళ్ళ మారింది, ఇది చేరింది — మూడూ ఒక్కసారే జరిగాయి. తగ్గకపోయినా ఇది పనిచేయలేదని అర్థం కాదు...

"ఏది తగ్గించిందో నీకు కావాలి" అంది. "నాకు తగ్గితే చాలు."

అయిదున్నర. ఆవిడ అప్పుడే చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆటో అతనితో మాట్లాడుతున్నట్టుంది, గొంతు ఇక్కడికి వినిపిస్తోంది. "రా అమ్మాయ్, ఎంతసేపు రాస్తావు" అంటోంది...